లియోన్ వెళ్తే ముందు మగ్గం దగ్గరకు వెళ్లండి

మా అమ్మాయి ఫ్రాన్సులోని లియోన్‌లో చదువుకుంటోంది. మొన్న మే నెలలో తన దగ్గర పన్నెండు రోజులున్నాను. పారిస్ చూడడానికి వచ్చిన మనవాళ్లు కొందరు ఉదయమే రైలెక్కి రెండు గంటల్లో లియోన్‌లో దిగుతారు. ఫూర్వియేర్ కొండమీది చర్చి, దాని కింద పాత ఊరు, నది ఒడ్డున నాలుగు ఫొటోలు, సాయంత్రం మళ్లీ రైలు. అలా వచ్చేవాళ్లకు నా విన్నపం ఒకటే. ఆ ఒక్క రోజులోంచి మూడు గంటలు తీసి రెండో కొండకు, క్రువా రూస్‌కు ఇవ్వండి. లియోన్‌వాళ్లు ఈ రెండు కొండలకూ పేర్లు పెట్టుకున్నారు. ఫూర్వియేర్ ప్రార్థించే కొండ, క్రువా రూస్ పనిచేసే కొండ. నేను రాసేది ఎక్కువగా పనిచేసే కొండ గురించి, అందులోనూ అక్కడి మేజోన్ దే కానూ గురించి. కానూ అంటే లియోన్ పట్టు నేతగాడు. మేజోన్ అంటే ఇల్లు.

నా ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో ముందే చెప్పేస్తాను. నేను ధర్మవరంలో మగ్గమున్న ఇంట్లో పుట్టాను. బడికి వెళ్లేలోపు కండెలు చుట్టి పెట్టడం నా పని. నాన్న నలభై ఎనిమిదేళ్లు పట్టుచీరలు నేశారు. మా మగ్గానికి పైన, దూలానికి ఆనుకుని ఒక చట్రం, దాని మీంచి దండలా వేలాడే చిల్లుల అట్టలు ఉండేవి. దాన్ని జాకార్డు అనేవాళ్లం. "జాకార్డు మొరాయించింది", "కొత్త చీరకు జాకార్డు అట్టలు రావాలి" అన్న మాటలు ఇంట్లో రోజూ వినపడేవి. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె, రాట్నం, కండె లాగే జాకార్డు కూడా మా మాటే అనుకుంటూ పెరిగాను. అది ఒక మనిషి పేరని, ఆ మనిషి లియోన్‌లో పుట్టాడని, ఊళ్లో ఆయనకు విగ్రహం కూడా ఉందని మా అమ్మాయి ఫోనులో చెప్పిన రోజే ఈ ప్రయాణం నిశ్చయమైంది.

కొండెక్కడానికి ఓటెల్ ద విల్ స్టేషనులో సి లైను మెట్రో ఎక్కాలి. చిన్న రైలు. వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, పట్టాల మధ్య పళ్లున్న ఇనుప పట్టీ వేసి, దానికి రైలు పళ్లచక్రాన్ని తగిలించి పైకి నడిపిస్తారు. ఇదే దారిలో ఒకప్పుడు తాడుతో లాగే బండి ఉండేదట. క్రువా రూస్ స్టేషనులో దిగి మెట్లెక్కి బయటికి రాగానే కూడలిలో ఎత్తైన దిమ్మె మీద జోసెఫ్ మరీ జాకార్ నిలబడి ఉంటాడు. 1752లో పుట్టి 1834లో పోయాడు. నేత ఇంటి బిడ్డే. నేను చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాను. మా అమ్మాయి ఏమీ అనలేదు, తనూ పక్కన నిలబడింది.

అక్కడి నుంచి రూ దివ్రీ అనే వీధికి రెండు మూడు నిమిషాల నడక. 10, 12 నంబర్ల ఇళ్లే మేజోన్ దే కానూ. 1970లో నేతపనివాళ్ల సహకార సంఘం దీన్ని మొదలుపెట్టింది. బయట నుంచి చూస్తే మామూలు వీధిలో మామూలు దుకాణంలా కనిపిస్తుంది, దాటిపోకండి. టికెట్ తీసుకుంటే గైడు వెంటబెట్టుకుని తిప్పుతారు. వివరణ ఎక్కువగా ఫ్రెంచిలోనే సాగుతుంది కాబట్టి ఇంగ్లీషులో చెప్పే వేళలు ముందే అడిగి తెలుసుకోండి. నాకు మా అమ్మాయి ఉంది గనుక ఇబ్బంది లేకపోయింది. నిజానికి మగ్గం దగ్గరకు వెళ్లాక నాకు అనువాదమే అక్కర్లేకపోయింది. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు), పన్నె (పోగులను విడదీసి పట్టే దువ్వెనలాంటిది) ఎక్కడున్నాయో, కాలు ఎప్పుడు తొక్కాలో నేనే అమ్మాయికి చెప్పాను.

ఈ ఇంటిని నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం అక్కడ మగ్గం నడుస్తుంది. అద్దాల వెనక పెట్టి, ముందు ఒక చీటీ అంటించి వదిలేయలేదు. గైడే మగ్గం ముందు కూర్చుని, కాలు తొక్కి, నాడె విసిరి నేసి చూపిస్తారు. తొక్కినప్పుడల్లా పైన అట్ట ఒకటి జరిగి సూదుల మీద ఆనుతుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దానికి తగిలించిన కొక్కెం పైకి లేచి పడుగు పోగును లేపుతుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కి నెట్టుకుపోతుంది, ఆ పోగు కిందే ఉండిపోతుంది. లేచిన పోగుల కింద నుంచి నాడె దూసుకుపోతుంది. మళ్లీ తొక్కుడు, మళ్లీ ఇంకో అట్ట. పేక పోగు ఒక్కోదానికి అట్ట ఒక్కోటి. పువ్వు, నెమలి, మామిడిపిందె, ఏదైనా సరే ముందుగా చిల్లులుగా అట్టల మీదకు చేరాల్సిందే. చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్న చప్పుడు అది. లియోన్‌లో ఆ చప్పుడుకు ఒక మాట కూడా ఉంది: బిస్టాంక్లాక్ పాన్. మగ్గాన్నే ఆ పేరుతో పిలిచేవాళ్లట. మనం టకటకలు అన్నట్టే.

గైడు చెప్పిన కథలో నాకు గౌరవం కలిగించిన సంగతి, ఘనతంతా జాకార్‌కే కట్టబెట్టకపోవడం. 1725లో బాజిల్ బూషోన్ అనే లియోన్ మనిషి చిల్లులు పొడిచిన కాగితం చుట్టతో పోగులు ఎంచే పద్ధతి కనిపెట్టాడు. కొద్ది కాలానికే ఫాల్కోన్ కాగితం చుట్ట బదులు విడివిడి అట్టలు తెచ్చాడు. 1745లో వోకాన్సోన్ ఆ యంత్రాంగాన్ని మగ్గం నెత్తిమీదకు ఎక్కించాడు. వీటన్నిటినీ కలిపి, రోజువారీ పనికి నిలిచేలా చేసినవాడు జాకార్. ఏడాది 1804. అంతకుముందు ఇంత పనితనమున్న గుడ్డ నేయాలంటే మగ్గం పక్కన ఇంకో మనిషి ఉండి తాళ్లు లాగాలి, చాలాచోట్ల ఆ మనిషి చిన్న పిల్లవాడే. మా తాతగారి కాలంలో మా దగ్గరా అంతేనని, పోగులు ఎత్తడానికి ఒక కుర్రవాడు రోజంతా కూర్చునేవాడని నాన్న చెప్పేవారు. పిల్లవాణ్ణి ఆ పీట మీంచి లేపిన యంత్రం ఇది. కొందరి కూలి పోగొట్టిన యంత్రం కూడా ఇదే. మొదట్లో లియోన్ నేతగాళ్లు జాకార్ మీద మండిపడ్డారు. రెండు సంగతులూ ఒకే ఊపులో చెప్పిన గైడు నాకు నచ్చింది.

కంప్యూటర్ చదువు చదివేవాళ్లు ఈ అట్టల దగ్గర ఇంకాసేపు నిలబడాలి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆజ్ఞలు అందించడానికి ఎంచుకున్నది ఈ చిల్లుల అట్టలనే. 1839లో లియోన్‌లో పట్టుమీద నేసిన జాకార్ బొమ్మ ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఆ ఒక్క బొమ్మకు సుమారు 24,000 అట్టలు పట్టాయి. ధర్మవరంలో అట్టలు గుద్దేవాడి గదిలో నేలంతా రాలిన చిల్లు ముక్కలు తొక్కుకుంటూ తిరిగిన నాకు ఈ అంకె బరువు తెలుసు.

పక్కనే మఖమలు నేసే మగ్గం ఉంది. పోగుల మధ్య సన్నటి చువ్వ పెట్టి, పైన ఏర్పడిన ఉచ్చులను కత్తితో ఒక్కో వరుసా కోసుకుంటూ వెళ్లాలి. చెయ్యి ఒక్కసారి జారితే పడుగే తెగుతుంది. రోజంతా నేస్తే కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. ఇంత నెమ్మది పనికి ఇప్పుడు ఎవరు డబ్బిస్తారని అడిగాను. రాజుల కాలంనాటి భవనాల్లో పాతబడిన తెరలూ గోడ పట్టులూ మళ్లీ అచ్చం అలాగే కావలసినప్పుడు ఇలాంటి నేతే శరణ్యమట. 1752 నాటి ప్రెల్ అనే పట్టు సంస్థ ఇదే కొండమీద ఉండి వెర్సాయ్ రాజభవనానికి అలాంటి గుడ్డ నేసింది.

మ్యూజియం చూశాక వెంటనే మెట్రో ఎక్కి కిందికి దిగిపోకండి. వీధిలో నిలబడి ఇళ్ల కిటికీలు చూడండి, ఎంత పొడుగ్గా ఉన్నాయో. ఈ ఇళ్లన్నీ 19వ శతాబ్దంలో మగ్గాల కోసం కట్టినవి. జాకార్డు నెత్తికెక్కాక మగ్గం ఎత్తు పెరిగింది, పాత ఊరి గదుల్లో పట్టలేదు. అందుకే నాలుగు మీటర్ల ఎత్తున కప్పు వేసిన ఇళ్లు ఇక్కడ లేచాయి. వెలుతురు కోసం పెద్ద కిటికీలు, మగ్గం పక్కన గోడకు అటకలాంటిది కట్టి దానిమీద పడక. కింద మగ్గం, పైన నిద్రపోయే పిల్లలు. మా ఇంట్లో మగ్గం కోసం నేల తవ్వారు. నాన్న కాళ్లు గుంటలో ఉండేవి, నడుము నేలమట్టానికి వచ్చేది. ఇక్కడ మగ్గం కోసం కప్పునే పైకి లేపారు. రెండు ఊళ్లలోనూ ఇంటి కొలతలు నిర్ణయించింది మగ్గమే. ఆ కిటికీల కింద నిలబడి ఈ మాట అమ్మాయితో అన్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది.

కానూల జీవితం గురించి తెలుసుకోకుండా ఈ కొండను చూస్తే సగమే చూసినట్టు. మగ్గం నేతగాడిది, పట్టు షావుకారుది, గజానికి ఇంతని ధర కట్టేదీ షావుకారే. ఇది చదివే చేనేత కుటుంబాలవాళ్లకు ఇంకేమీ వివరించనక్కర్లేదు. 1831 అక్టోబరులో ప్రభుత్వ అధికారి ఎదుట ఇరువైపులవాళ్లూ కూర్చుని కనీస మజూరీ రేట్లు రాసుకున్నారు. షావుకార్లలో వందమందికి పైగా ఆ రేట్లు కుదరవన్నారు. నవంబరు 21న నేతగాళ్లు ఈ కొండ దిగారు. చేతిలో నల్లజెండా. దానిమీద "పనిచేస్తూ బతుకుదాం, లేదా పోరాడుతూ చద్దాం" అని ఉంది. కొన్ని రోజులపాటు ఊరు వాళ్ల చేతిలోకి వచ్చింది. వందలమంది చచ్చిపోయారు లేదా గాయపడ్డారు. డిసెంబరులో సైన్యం దిగింది, మజూరీ ఒప్పందం రద్దయింది. 1834లో మళ్లీ లేచారు, మళ్లీ అణచివేశారు. వీళ్లకు అప్పటికే సొంత పత్రిక ఉండేది. 1835లో ఇదే వాలుమీది గ్రాండ్ కోట్ అనే దారిలో సహకార పద్ధతిలో కిరాణా దుకాణం కూడా తెరిచారు, ఫ్రాన్సులో అలాంటివాటిలో మొదటి తరంది. మజూరీ పెంచమని ధర్మవరంలో మగ్గాలు ఆపేసిన రోజుల్లో మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదో నాకు గుర్తుంది. ఆ నిశ్శబ్దాన్ని ఎరిగినవాళ్లకు నల్లజెండా కథ చరిత్ర పాఠంలా వినిపించదు.

కొండ దిగేటప్పుడు త్రబూళ్ల గుండా దిగండి. ఒక వీధిలో తలుపు తోస్తే ఇళ్ల కిందుగా, పెరళ్ల గుండా, మెట్లమీదుగా సాగి ఇంకో వీధిలో తేలే నడవలు ఇవి. నేసిన పట్టు వానకు తడవకుండా భుజాన వేసుకుని ఈ దారుల్లోనే కిందికి చేరవేసేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం కళ్లుగప్పి తిరిగినవాళ్లకు ఇవే ఆసరా అయ్యాయి. అన్నిటికన్నా గొప్పది కుర్ దే వొరాస్. ప్లాస్ కోల్‌బేర్ 9వ నంబరు తలుపులోంచి లోపలికి వెళ్తే ఆరంతస్తుల రాతి మెట్లు ఒక్కసారిగా కళ్లముందు లేస్తాయి. అక్కడ ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. గొంతు తగ్గించి మాట్లాడండి, ఆరేసిన బట్టల ఫొటోలు తీయకండి. ఉదయం పూట తలుపులు తెరిచి ఉండే అవకాశం ఎక్కువ.

దిగేముందు ఓపిక ఉంటే పైన వీధి చివర గ్రో కాయూ అనే బండరాయి దగ్గర కాసేపు కూర్చోండి. ఎప్పుడో హిమానీనదం ఆల్ప్స్ కొండల నుంచి మోసుకొచ్చి వదిలిన రాయి. సొరంగం తవ్వుతుంటే బయటపడింది. ఆకాశం తేటగా ఉంటే తూర్పున ఆల్ప్స్ కనిపిస్తాయంటారు. నేను వెళ్లిన రోజు మబ్బు. కానూల జీవితాన్ని 1987లో 1,200 చదరపు మీటర్ల గోడమీద బొమ్మగా గీశారు, మ్యూర్ దే కానూ అంటారు. మెట్లు నిజమా బొమ్మా అని దగ్గరికి వెళ్లి తాకి చూసేంత చక్కగా ఉంటుంది.

ఇక మిగతా ఊరు. ఫూర్వియేర్ చర్చి లోపలి మొజాయిక్ పని ఎంతో పెద్దది. నాకు చర్చి కన్నా, దాని పక్క వాలులో ఉన్న రోమన్ల రంగస్థలం నచ్చింది. రెండువేల ఏళ్లనాటి రాతి మెట్లమీద ఊరికే కూర్చోవచ్చు. పాత ఊరు అందంగా ఉంది, కానీ మధ్యాహ్నం కాలు పెట్టలేనంత రద్దీ. తెత్ దోర్ పార్కు పిల్లలున్నవాళ్లు వదలకూడదు, జంతుశాలకు టికెట్ లేదు. రోన్, సోన్ నదులు కలిసే చోటు సాయంత్రం చూడాలి.

సినిమా ఇష్టమున్నవాళ్లకు ఇంకొక్క చోటు. లూమియేర్ సోదరులు 1895లో తీసిన తొలి చిత్రంలో ఉన్నది, ఈ ఊళ్లోని వాళ్ల ఫొటో పలకల కర్మాగారం నుంచి పనివాళ్లు బయటికి రావడం. ఆ వీధికి తొలి సినిమా వీధి అనే పేరు పెట్టారు. గేటు దగ్గరి షెడ్డును అలాగే కాపాడుకున్నారు. ఆడవాళ్లు పొడుగు గౌన్లలో నవ్వుకుంటూ గేటు దాటి ఇళ్లకు వెళ్తారు, అంతే చిత్రం. పనిచేసే చేతులకు పేరున్న ఊరిలో మొట్టమొదట తెరకెక్కింది పనివాళ్లే కావడం నాకెంతో బాగుంది.

భోజనం విషయంలో జాగ్రత్త చెప్పాలి. లియోన్ పాతకాలపు భోజనశాలలను బుషోన్ అంటారు. అక్కడి వంటలో పంది మాంసం, పేగులు, కాలేయం ఎక్కువ. నేను చేప, కోడి తింటాను, పంది తినను. ఒకచోట, పేరు అనవసరం, పంది మాంసం లేనిదేదైనా ఇమ్మని రెండుసార్లు చెప్పినా పచ్చికూరల పళ్లెంలో పంది ముక్కలు వచ్చాయి. లియోన్ సలాడ్ అని రాసి ఉంటే అందులో అవి ఉంటాయని అప్పుడు తెలిసింది. పైక్ అనే చేపతో చేసే కెనెల్ తినండి, మెత్తగా పొంగి వస్తుంది. శాకాహారులకు సెర్వెల్ ద కానూ ఉంది. పేరుకు అర్థం "నేతగాడి మెదడు", అందులో మెదడు ఉండదు. మీగడ పెరుగులాంటి తెల్ల జున్నులో సన్నగా తరిగిన చిన్న ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడ కలిపి రొట్టెతో ఇస్తారు. మాంసం కొనలేని నేత ఇళ్ల తిండి అది. కొద్దిగా తెల్ల ద్రాక్షసారా కలుపుతారు, పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తీసుకోండి. మా అమ్మ కొత్తిమీర, ఉల్లిపాయ వేసి చేసే పెరుగు పచ్చడికి ఇది దగ్గర చుట్టం. నేను మూడుసార్లు తిన్నాను. గులాబీ రంగు పాకం పట్టిన బాదంతో చేసే ప్రాలీన్ తీపి రొట్టె ఇంటికి కట్టించుకుని రండి.

పట్టు కొనేవాళ్లకు నా మాట. పాత ఊరి వీధుల్లో "లియోన్ పట్టు" అని వేలాడదీసిన స్కార్ఫులన్నీ పట్టు కావు. నేను తొందరలో ఒకటి కొన్నాను. చేతికి చల్లగా తగలలేదు, అయినా అమ్మే మనిషి మాట నమ్మాను. ఇంటికొచ్చి అంచు పోగు లాగి కాల్చి చూస్తే ప్లాస్టిక్ వాసన వచ్చింది, కొస గట్టి పూసలా ముడుచుకుంది. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. కొనేముందు కుట్టిన చీటీ వెతకండి. దానిమీద soie (స్వా, అంటే పట్టు) అన్న ఫ్రెంచి మాట, పక్కన 100 శాతం అని ఉంటేనే డబ్బు తీయండి. మేజోన్ దే కానూ దుకాణంలో నేను ఒక చిన్న మెడ రుమాలు కొన్నాను. ధర తక్కువేమీ కాదు. కానీ నేతపనికి తక్కువ ధర అడిగే నోరు నాకు లేదు.

బయల్దేరే ముందురోజు ఆ ఇంటికి రెండోసారి వెళ్లాను. గైడును అనుమతి అడిగి, ప్రదర్శన ముగిశాక ధర్మవరానికి వీడియో ఫోను చేశాను. ఇక్కడ ఉదయం పదకొండున్నర, అక్కడ మధ్యాహ్నం మూడు. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. "నీ మొహం కాదమ్మా, మగ్గం చూపించు" అన్నారు. చూపించాను. "పన్నె దగ్గరికి రా. పడుగెన్ని పోగులు?" అమ్మాయి ఫ్రెంచిలో అడిగి చెప్పింది. "ఇప్పుడు అట్టలు. కుట్టిన దారం చూపించు." ఫోనును పైకెత్తి పట్టుకున్నాను. అట్టకూ అట్టకూ మధ్య దారం కుట్లు మా ఇంట్లో ఉన్నట్టే ఉన్నాయి. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమోనని నేను రెండుసార్లు పిలిచాను.

"ఉన్నానమ్మా" అన్నారు. "ఆ అమ్మాయిని ఇంకొక్కసారి నాడె వెయ్యమని అడుగు."

మా అమ్మాయి అడిగింది. ఆవిడ పీట మీద సర్దుకుని కూర్చుని, కాలు తొక్కి, వేసింది.